పిల్లల ఇల్లు ఒక మజిలీ

ఎండలు ముదిరాయంటే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మామిడికాయల కుప్పల మధ్య అడుగు పెట్టడానికి చోటుండదు. పక్కనే కత్తిపీటలు వేసుకుని కూర్చున్నవాళ్ళు, "అమ్మా, ముక్కలు కొట్టాల్నా?" అని వచ్చేపోయేవాళ్ళను పిలుస్తూనే ఉంటారు. కొట్టించుకునేవాళ్ళలో తలలు నెరిసిన జంటలు చాలా కనిపిస్తాయి. ఆవిడ కాయ పులుపు చూస్తుంది, టెంక ముదిరిందో లేదో చూస్తుంది. ఆయన సంచీ పట్టుకుని నిలబడతాడు. ఆ ఆవకాయలో వాళ్ళు తినేది కొంచెమే. ఒక జాడీ బెంగళూరుకు, ఒకటి పుణెకు, సీలు వేసిన ప్యాకెట్లు డాలస్‌కు. "మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం" అని కాయలమ్మే ఆవిడకు కూడా సంతోషంగా చెబుతారు.

"మళ్ళీ ఎప్పుడొస్తరు?" అని ఆవిడ అడిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ ప్రశ్నకు జవాబు లేకుండా టికెట్ కొనకండి. రిటైరైన దంపతులకు నేను చెప్పదలచుకున్నది ఇదే: ప్రయాణం మీదై ఉండాలి, పిల్లల ఇళ్ళు ఆ దారిలో మజిలీలై ఉండాలి. అలా ఉంటే మీరు వెళ్ళిన ప్రతి గడపా మిమ్మల్ని మళ్ళీ రమ్మంటుంది. ప్రయాణమంతా ఒక్క గడప దగ్గరే ఆగిపోతే అక్కడ మీకూ ఊపిరాడదు, వాళ్ళకూ ఊపిరాడదు.

తల్లిదండ్రులు వెళ్ళేది ప్రేమతోనే. పిల్లలు రమ్మనేదీ ప్రేమతోనే. చిక్కంతా తేదీ లేకపోవడంలో ఉంది. తేదీ లేని రాకలో మొదటి వారం పండగ. రెండో వారం అలవాటు. ఆ తర్వాత ఎవరి గదిలో వాళ్ళు. కోడలు ఆఫీసు కాల్‌లో ఉంటే మిక్సీ వెయ్యాలా వద్దా అని అత్తగారు వంటింట్లో నిలబడి ఆలోచిస్తుంది. మామగారు టీవీ శబ్దం తగ్గిస్తాడు, కాసేపటికి కట్టేస్తాడు. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, అయినా ఇల్లు ఇరుకైంది. ఇందులో కోడలి తప్పు వెతకడం మొదలుపెడితే దానికి అంతుండదు. ఆ ఇంటికి దాని దినచర్య ఉంది. మీకే ఆ ఊళ్ళో ఒక దినచర్య లేదు. దాన్ని మీరే కల్పించుకోవాలి.

అమెరికాలో రిటైరైన జంటలు కొన్ని దీనికి చక్కని దారి కనిపెట్టాయి. ఇల్లు అమ్మేసో, అద్దెకిచ్చో మోటార్‌హోమ్‌లో కాపురం పెడతారు. మనకు క్యారవాన్ అంటే సినిమా షూటింగుల దగ్గర నటీనటులు కూర్చునే బండి. వాళ్ళకు అదే ఇల్లు. అందులో మంచం, చిన్న వంటిల్లు, ఫ్రిజ్, స్నానాలగది ఉంటాయి. మంచినీళ్ళకు ఒక ట్యాంకు, వాడిన నీళ్ళకు ఒకటి, మరుగుదొడ్డి వ్యర్థానికి వేరొకటి. చలికాలం ఆరిజోనాకో ఫ్లోరిడాకో దిగుతారు. ఎండాకాలం ఎల్లోస్టోన్ లాంటి చల్లని చోట్లకు ఎక్కుతారు. 1872లో ఏర్పడిన ఆ పార్కు ప్రపంచంలో మొదటి జాతీయ ఉద్యానం. మధ్యలో కొడుకు ఊరు తగిలితే వాళ్ళ వాకిట్లో బండి ఆపుతారు. పగలంతా మనవలతో ఆటలు, భోజనం అందరితో కలిసి. రాత్రి తమ బండిలో తమ మంచం మీద తమ దిండు. నాలుగైదు రోజులు గడిచాక కొడుకు ఇంకో రెండు రోజులు ఉండమంటుండగానే బండి కదులుతుంది.

ఆ వాకిట్లో ఆగడమే నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చింది. దగ్గరగా ఉన్నారు, మీద పడలేదు.

మన దగ్గర అలా కుదురుతుందా అంటే, బండితో కుదరడం కష్టమే కానీ పద్ధతితో కుదురుతుంది. ఊళ్ళో కొడుకు ఇల్లు ఉండగా తల్లిదండ్రులు లాడ్జిలో దిగితే మనవాళ్ళు ఊరుకోరు. చుట్టాలు నాలుగు మాటలంటారు, కొడుకు నొచ్చుకుంటాడు. ఆ నొప్పి నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. అందుకని వెళ్ళి ఉండండి. ఉన్నన్నాళ్ళలోనే మీ ప్రయాణాన్ని ఇరికించండి. బెంగళూరులో నెల ఉంటున్నారనుకోండి. పది రోజులకొకసారి ఇద్దరే ఒక రెండు రాత్రులు బయటికి వెళ్ళండి. ఒకసారి లేపాక్షి, ఒకసారి మైసూరు, ఒకసారి శ్రవణబెళగొళ. చెన్నై అయితే మహాబలిపురం, కాంచీపురం. విశాఖ అయితే అరకు లోయకు రైలెక్కండి. మీరు లేని ఆ రెండు రోజులూ పిల్లల ఇల్లు తన పాత నడకలో నడుస్తుంది. తిరిగొచ్చేసరికి చెప్పడానికి మీ దగ్గర కబుర్లుంటాయి. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అన్న ప్రశ్న పోయి, "లేపాక్షిలో వేలాడే స్తంభం చూశారా?" అన్న ప్రశ్న వస్తుంది. తాతయ్య, నానమ్మ మనవడి కళ్ళకు కూడా వేరే మనుషుల్లా కనిపిస్తారు.

నిజంగా మోటార్‌హోమ్ మీదే మనసుంటే తొందరపడి కొనకండి, ముందు అద్దెకు తీసుకోండి. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ కేరళ పేరుతో ఈ తరహా పర్యాటకాన్ని ప్రోత్సహించడం మొదలుపెట్టింది. కర్ణాటకలోనూ క్యారవాన్‌లు అద్దెకు దొరుకుతాయి. డ్రైవరుతో సహా తీసుకుంటే మీరు కిటికీ పక్కన కూర్చోవచ్చు. మీరే నడపాలనుకుంటే మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండిని మామూలు కారు లైసెన్సు మీదే నడపవచ్చు. కాకపోతే 55 దాటినవాళ్ళకు లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ గడువు తేదీ ఇవాళే చూసుకోండి. అసలు పరీక్ష నీళ్ళ దగ్గర వస్తుంది. శుభ్రమైన నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి, వ్యర్థాల ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి, రాత్రి ఎక్కడ ఆపితే భద్రం? ఈ మూడింటికీ జవాబు దొరికాకే దారి ఖాయం చేసుకోండి. చీకటి పడ్డాక హైవే మీద బండి నడపడం ఈ వయసులో వద్దు. రోజుకు 200 కిలోమీటర్లు చాలు.

ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగం చేసినవాడు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. అప్పటికి ఆయనకు దాదాపు యాభై ఏళ్ళు. కుటుంబం, బంధువులు, పరివారం కలిపి నూరుమంది దాకా వెంట నడిచారు. పల్లకీ, బోయీలు, డేరాలు. ఎక్కడ చీకటి పడితే అక్కడ ఊరు వెలిసినట్టే. కడప మీదుగా శ్రీశైలం చూసుకుని, హైదరాబాదు వచ్చి, నాగపూరు దాటి కాశీ చేరాడు. గయ, పూరీ చూసుకుని తూర్పు తీరం వెంట కిందికి దిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చాడు. పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణమది. కాశీకి పోయినవాడు కాటికి పోయినట్టే అని ఇళ్ళల్లో ఏడ్చి పంపే రోజుల్లో వెళ్ళి, చక్కగా తిరిగొచ్చాడు.

ఆయన దారి పొడవునా రాసి స్నేహితుడికి పంపిన సంగతులే తర్వాత 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. వాటిలో నన్ను ఆకట్టుకునేది భక్తి కంటే ఆయన జాగ్రత్త. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ సామాను దొరుకుతుంది, దారి గుంటలమయమా చదునా, ఏ ఏరు ఎలా దాటాలి. వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుందని ఓపికగా రాశాడు. మీరూ ఒక నోటుపుస్తకం పెట్టండి. రోజూ పది వాక్యాలు చాలు: ఎక్కడ పడుకున్నారు, ఎంత ఖర్చయింది, ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు. ఫోటోలు ఫోన్‌లోనే మూలుగుతాయి. పుస్తకం చేతులు మారుతుంది. ఏడాది తిరిగేసరికి మీ అపార్ట్‌మెంట్‌లో మరో రెండు జంటలు ఆ పుస్తకం అడిగి పట్టుకెళ్తాయి. ఉద్యోగం పోయాక మన సలహా ఎవరికీ అక్కర్లేదని కుమిలేవాళ్ళకు దీనికి మించిన మందు నాకు తెలియదు.

ఇవి డబ్బున్నవాళ్ళ కబుర్లు అని పక్కన పెట్టకండి. కొచ్చిలో చిన్న టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల గురించి పత్రికల్లో చదివే ఉంటారు. రోజూ 300 రూపాయలు పక్కన పెట్టేవాళ్ళు. చాలకపోతే అప్పు చేసేవాళ్ళు. తిరిగొచ్చి టీ అమ్మి ఆ అప్పు తీర్చేవాళ్ళు. తీరగానే మళ్ళీ బయల్దేరేవాళ్ళు. 2007లో మొదలుపెట్టి 2021లో విజయన్ కన్నుమూసే లోపు ఇద్దరూ కలిసి పాతిక దేశాలకు పైగా చూశారు. అప్పు చేసి తిరగమని నేను చెప్పను. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది, ప్రయాణానికి ఒక ఖాతా ఉండాలన్న పట్టుదల. అందులో పడ్డ డబ్బు ఇంకో పనికి పోదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో మూడు నెలలకోసారి వడ్డీ జమ అవుతుంది. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. మీరు పెట్టింది ఎంతైనా సరే, నాలుగు వాయిదాల్లో ఒకటి ప్రయాణాల ఖాతాకు రాసిపెట్టండి. కొడుకు టికెట్ కొని పంపితే తీసుకోండి, తప్పు లేదు. ఏడాదికి ఒక్క ప్రయాణమైనా మాత్రం మీ డబ్బుతో జరగాలి. అప్పుడు ఎక్కడికి వెళ్ళాలో మీరే తేల్చుకోగలుగుతారు.

ఇక సంచి సర్దే సంగతి. మన సికింద్రాబాద్ జంటలకు ఉన్న అదృష్టం, స్టేషనూ మోండా నడిచే దూరంలో ఉండటం. ఆ అదృష్టమే బరువు కూడా. కూరగాయలు, ఆకుకూరలు, పూలు, పూజ సామాను, ఎండు సరుకులు, అన్నీ ఒక్క చుట్టులో దొరుకుతుంటే చెయ్యి ఆగదు. అమ్మాయికి చింతపండు, అల్లుడికి అప్పడాలు అంటూ సంచులు పెరుగుతాయి. వీరాస్వామికి బోయీలున్నారు, మీకు లేరు. ఒక్కొక్కరు తన చేత్తో రైలు మెట్టు ఎక్కించగలిగినంతే సామాను. ఈ నియమం పెట్టుకుంటే మీ నడుము, మీ మనసు రెండూ బాగుంటాయి. హైదరాబాదు కరివేపాకు బెంగళూరుకు మోయనక్కర్లేదు, అక్కడా దొరుకుతుంది.

విదేశాలకైతే బరువొక్కటే కాదు, చట్టం కూడా చూడాలి. ప్రేమగా మూటకట్టిన వస్తువే విమానాశ్రయంలో కన్నీళ్ళు పెట్టిస్తుంది. కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, నిమ్మజాతి తోటలను పాడుచేసే తెగులు దాంతో వస్తుందని వాళ్ళ భయం. ఎండుకొబ్బరి విమానంలో వద్దంటారు, నూనె ఎక్కువగా ఉండి తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి. కూతురు దుబాయిలో ఉంటే గసగసాలు ఒక్క గింజ కూడా మూటలో ఉండకూడదు. అక్కడ అది మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తుంది, జైలుకు కూడా పంపుతారు. మసాలా పొడిలో కలిసి ఉన్నా ముప్పే. పచ్చళ్ళు చేతిసంచిలో పెట్టకండి, పెద్ద పెట్టెలో గట్టిగా చుట్టి పెట్టండి. తినే వస్తువులు ఏమైనా ఉన్నాయా అని అమెరికాలో దిగాక అడిగితే ఉన్నాయని చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా పడుతుంది.

అమెరికా ప్రయాణంలో ఇంకో మాట. పాస్‌పోర్టులో వీసా పదేళ్ళదని ఉన్నంత మాత్రాన అన్నాళ్ళూ ఉండొచ్చని కాదు. దిగినప్పుడు అధికారి ఇచ్చే తేదీ, ఐ-94లో కనిపించేది, అదే లెక్క. మామూలుగా ఆరు నెలలిస్తారు. ఇచ్చారు కదా అని ఆరు నెలలూ ఒకే ఇంట్లో ఉండాలని ఎక్కడా రాసిలేదు. మూడు నెలలకు వెళ్ళండి. అందులో ఒక వారం పిల్లల సెలవులు చూసుకుని అందరూ కలిసి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకోండి. అక్కడ నడపడం పిల్లలకే వదిలేయండి. బండిలో మీ వంతు పని మీరు తీసుకోండి. పొద్దున్నే అందరికీ కాఫీ తాతయ్యది. మనవరాలికి దారిలో కథలు అమ్మమ్మవి. క్యాంపులో నీళ్ళ గొట్టం తగిలించడం మనవడితో కలిసి తాతయ్య. ఇంట్లో ఆరు నెలల్లో మాట్లాడుకోని మాటలు ఆ చిన్న బండిలో ఒక్క వారంలో బయటికొస్తాయి. అలిగి వెళ్ళి తలుపేసుకోవడానికి అక్కడ వేరే గది ఉండదు మరి.

ఇప్పుడు మగవాళ్ళతో కాస్త గట్టిగా మాట్లాడాలి. మీరు రిటైరయ్యారు. ఆవిడ రిటైరయ్యిందా? ముప్ఫై అయిదేళ్ళు మీకు క్యారేజీ కట్టిన మనిషి, మీరు ఇంట్లో ఉండటం మొదలుపెట్టాక మధ్యాహ్నం వంట, మూడింటి టీ కూడా నెత్తినేసుకుంది. కొడుకు ఇంటికి వెళ్తే అక్కడా వంటిల్లే. మోటార్‌హోమ్‌లో వెళ్తే చక్రాల మీద వంటిల్లు. అలాంటి ప్రయాణానికి ఆవిడ ఉత్సాహం చూపించకపోతే, ఆవిడకు లోకం చూడాలని లేదని తేల్చకండి. ఆవిడకు సెలవు దొరకలేదు, అంతే. ప్రయాణంలో ఉన్నన్నాళ్ళు పొద్దుటి టిఫిను బయటే. మధ్యాహ్నం ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి మెస్సు. రాత్రి పెరుగన్నం కలపడం మీ పని. ఆవకాయ జాడీ ఎలాగూ వెంట ఉంది కదా.

దీనికి సాధన మోండాలోనే మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం ఆయన ఒక్కడే సంచీ పట్టుకుని వెళ్ళాలి. చీటీ ఆవిడ రాయదు, ఇంట్లో ఏం ఉందో ఏం లేదో ఆయనే చూసుకోవాలి. బేరం ఆయనే ఆడాలి. తోటకూర కట్ట లేతదో ముదురో ఆయనే తేల్చాలి. అదే సమయంలో ఆవిడ స్టేషనుకు వెళ్ళాలి, లేదా ఫోన్ తీసి కూర్చోవాలి. రైలు వెతకడం, బెర్తు ఎంచుకోవడం, డబ్బు కట్టడం అన్నీ ఆవిడ చేతి మీదుగా జరగాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. మగవాళ్ళకు 60 దాటితే, ఆడవాళ్ళకు 45 దాటితే కింది బెర్తు కోటా ఉంది. ఇవి ఆవిడకు తెలియాలి. పెన్షన్ ఖాతా, పాలసీ కాగితాలు, ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి కూడా ఆవిడకు రావాలి. దారిలో ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే రెండోవాళ్ళు ఏమీ తెలియక నిలబడిపోకూడదు. ఈ మాట ప్రయాణం కోసమే చెప్పడం లేదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఒంటి సంగతి క్లుప్తంగా. మందులు చేతిసంచిలో, చీటీ మీద మందు అసలు పేరుతో. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో పడేయకండి. ఎంత దూరప్రయాణమైనా గంట, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు. నీళ్ళు తాగితే బాత్రూంకు వెళ్ళాల్సి వస్తుందని తాగడం మానేసే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బండి ఆపించండి. ఆగడానికే కదా బయల్దేరింది. 70 నిండినవాళ్ళకు 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల దాకా వైద్యం ఉంది, ఆదాయంతో పని లేదు. ఆ కార్డు ముందే చేయించుకోండి. నవంబరులో పెన్షనర్లకు బతికున్నట్టు ఇచ్చే జీవన ప్రమాణ్ పత్రం గుబులు ఉంటుంది. దానికోసం ప్రయాణం మానుకోనక్కర్లేదు. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి ఇవ్వొచ్చు.

రైలంటే ఇష్టమున్నవాళ్ళకు అది కూడా కదిలే ఇల్లే. 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి పూరీ, కాశీ, అయోధ్య చుట్టివచ్చే భారత్ గౌరవ్ రైలు మొదలైంది. వీరాస్వామి పదిహేను నెలల్లో తిరిగిన దారిలో కొన్ని ముఖ్యమైన చోట్లు ఇప్పుడు రోజుల్లో చూసి రావొచ్చు. భోజనం, బస వాళ్ళే చూసుకుంటారు. గుంపుతో వెళ్ళడం అలవాటు లేనివాళ్ళకు మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటుంది. రెండో రోజుకే ఎదుటి బెర్తులవాళ్ళు చుట్టాలవుతారు.

తిరగడమంటే దర్శనాలూ, దృశ్యాలే కావాలని లేదు. దక్షిణ మధ్య రైల్వేలో పనిచేసి రిటైరైన గంగాధర్ తిలక్ కట్నం, ఆయన భార్య వెంకటేశ్వరి హైదరాబాదు రోడ్ల మీదే తిరిగారు. కారులో తారు కంకర వేసుకుని, కనిపించిన గుంటనల్లా పెన్షన్ డబ్బుతో పూడ్చారు. కారే వాళ్ళ పనిముట్ల కొట్టు. రిటైరైన దంపతుల చేతిలో ఒక బండి ఉంటే ఎంత పని జరుగుతుందో వాళ్ళు చూపించారు. మీ దారిలో మీకు తోచిన పని ఏదో ఒకటి పెట్టుకోండి. మీరు చదివిన పల్లెటూరి బడికి నాలుగు పుస్తకాలు ఇచ్చి రావడం, ముప్ఫై ఏళ్ళుగా చూడని మేనత్తను వెతుక్కుంటూ వెళ్ళడం, ఏదైనా సరే. ప్రయాణాల్లో పిల్లలను మాత్రమే చూసి వచ్చేవాళ్ళు తమ తరం మనుషులను మర్చిపోతున్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వియ్యంకులు, పాత క్వార్టర్స్‌లో పక్కింటివాళ్ళు కూడా మజిలీలే. వాళ్ళ మోకాళ్ళూ నొప్పిగానే ఉంటాయి, వాళ్ళూ మీ దగ్గరికి రాలేరు. అందుకే మీరే వెళ్ళాలి. పిల్లలు పిలుస్తారు, టికెట్లు పంపుతారు. వీళ్ళు పిలవడానికి కూడా మొహమాటపడతారు.

మొదటి ప్రయాణం చిన్నది పెట్టుకోండి. వరంగల్ దారి మంచిది. సొంత కారైనా, అద్దె బండైనా, బస్సైనా పొద్దున్నే సికింద్రాబాద్ దాటండి. యాదగిరిగుట్ట, ఆపైన ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరం. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద సుత్తి దెబ్బలతో బొమ్మలు తీసేవాళ్ళ దగ్గర ఒక గంట కూర్చోండి, కొనకపోయినా మాట్లాడండి. రాత్రికి హనుమకొండ. మర్నాడు ములుగు మీదుగా పాలంపేట వెళ్తే రామప్ప గుడి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టారు, పునాది కింద ఇసుక పరిచారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పనివాళ్ళ తెలివి అది. తొందరపడకుండా చుట్టూ రెండుసార్లు తిరగండి, నల్లరాతి నాట్యగత్తెల నగలు ఒక్కొక్కటే చూడండి. లక్నవరం చెరువు కూడా ఆ వైపే. మూడో రోజు తిరుగుదారి.

ఇంటికొచ్చాక సంచులు విప్పి, తీసుకెళ్ళి వాడని వస్తువులన్నీ ఒక పక్కన కుప్ప పెట్టండి. ఎవరికి ఏ పని బరువైందో, ఎక్కడ విసుక్కున్నారో ఇద్దరూ మొహమాటం లేకుండా చెప్పుకోండి. తర్వాతి ప్రయాణంలో ఆ కుప్ప ఇంట్లోనే ఉంటుంది, ఆ పనులు చేతులు మారతాయి. దూరం కాస్త పెంచి, దారిలో ఎవరింటి దగ్గర ఎన్ని రాత్రులు ఆగాలో క్యాలెండరు మీద రాసుకుని, వాళ్ళకు ఫోన్ చేయండి.